సభ జరగని రోజుల చరిత్ర

1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ తన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసినప్పుడు ఎన్టీ రామారావు కోరింది ఒక్కటే. వెంటనే శాసనసభను పిలిస్తే అక్కడే బలం చూపిస్తానన్నారు. గవర్నరు వినలేదు. తెలుగుదేశంలో చీలిక తెచ్చిన నాదెండ్ల భాస్కరరావుతో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించి, బలనిరూపణకు 30 రోజుల గడువిచ్చారు. అప్పటికి రామారావు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చి రెండు రోజులే అయింది. అయినా 160 మందికి పైగా శాసనసభ్యులను రైల్లో ఢిల్లీ తీసుకెళ్లి, చక్రాల కుర్చీలో కూర్చునే రాష్ట్రపతి జైల్ సింగ్ ముందు హాజరుపరిచారు. ఇక్కడ ఊరూరా బంద్‌లు జరిగాయి, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి.

ఆ నెల రోజుల ఉద్యమాన్ని ఎన్టీఆర్ గెలుపుగానో, అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ ఓటమిగానో చెప్పుకోవడం అలవాటు. ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. తాము ఎన్నుకున్న సభ ఒక్కసారి కూర్చుని, చేతులెత్తి లెక్క తేల్చాలని తెలుగు జనం వీధుల్లోకి వచ్చిన సందర్భమది. సెప్టెంబరు రెండో వారంలో సభను పిలిచారు. ఓటింగ్ జరగలేదు, గందరగోళంలోనే రోజులు గడిచాయి. భాస్కరరావు బలం చూపించలేకపోయారు. రాంలాల్ స్థానంలో వచ్చిన శంకర్ దయాళ్ శర్మ సెప్టెంబరు 16న రామారావుతో మళ్లీ ప్రమాణం చేయించారు. సభలో తేలాల్సిన లెక్క చివరికి వీధిలోనూ రాజ్‌భవన్‌లోనూ తేలింది.

అలా తేల్చే సత్తా సభకు లేదని కాదు. అంతకు 30 ఏళ్ల ముందు కర్నూలులో ఆ పని జరిగింది.

ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలులో ఆఫీసులకు భవనాలు లేవు. చాలా శాఖలు గుడారాల్లో నడిచాయి. మద్రాసు శాసనసభ నుంచి విడివడి వచ్చిన 140 మంది సభ్యులతో తొలి సభ ఏర్పడింది. ఏడాది తిరక్కుండానే మద్యనిషేధం మీద వివాదం రేగింది. నిషేధం ఎత్తివేయాలని ఎస్.వి. రామమూర్తి సంఘం సిఫార్సు చేసింది, టంగుటూరి ప్రకాశం ఒప్పుకోలేదు. కల్లుగీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న నిలబడ్డారు. 1954 నవంబరులో జరిగిన అవిశ్వాసంలో ప్రకాశం ప్రభుత్వం ఒకే ఒక్క ఓటుతో పడిపోయింది. ఆంధ్రకేసరి అంతటివాడి ప్రభుత్వాన్ని గీత కార్మికుల బతుకుతెరువు దించగలిగింది. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. వాదన విన్నారు, ఓటు వేశారు, ఫలితాన్ని తలవంచి ఒప్పుకున్నారు. సభ ఉన్నది ఆ పనికే.

సభను సాగనివ్వని విద్య మాత్రం అంతకంటే పాతది. 1923లో చిత్తరంజన్ దాస్, మోతీలాల్ నెహ్రూ స్థాపించిన స్వరాజ్య పార్టీ కౌన్సిళ్లలో ప్రవేశించిందే లోపలి నుంచి వాటిని పనిచేయనివ్వకుండా చేయడానికి. సెంట్రల్ ప్రావిన్సెస్‌లో మంత్రుల జీతాలకు సైతం సమ్మతి ఇవ్వకుండా ద్వంద్వ పాలనను స్తంభింపజేశారు. దానికొక న్యాయముంది. ఆ సభల చేతిలో అసలు అధికారం లేదు. కీలక శాఖలన్నీ గవర్నరు దగ్గర ఉండేవి. సభ తిరస్కరించిన పద్దును కూడా తన ప్రత్యేకాధికారంతో ఆయన నిలబెట్టుకోగలిగేవాడు. అలాంటి సభను అడ్డుకోవడమంటే పరాయి పాలనను అడ్డుకోవడమే. స్వాతంత్ర్యం వచ్చాక సభకు అధికారం వచ్చింది. ఆయుధం మాత్రం పాతదే చేతిలో ఉండిపోయింది. నినాదాలు, వాకౌట్, పోడియం చుట్టుముట్టడం, బహిష్కరణ అన్నీ అధికారం లేని సభ కోసం పుట్టినవి. అధికారమున్న సభలో వాడితే నష్టం ఎవరికన్నది మన పార్టీలు ఇప్పటికీ సూటిగా తేల్చుకోలేదు.

విసుగు బయటి జనానికే పరిమితం కాలేదు, లోపలి వారికీ కలిగింది. 1969 మార్చిలో అనంతపురం సభ్యుడు తరిమెల నాగిరెడ్డి ఈ సభ వల్ల పేదల సమస్యలు తీరవని సభలోనే ప్రసంగించి, రాజీనామా చేసి విప్లవ రాజకీయాల్లోకి వెళ్లిపోయారు. 1952లో జైల్లో ఉండే పోటీ చేసి, తన బంధువే అయిన నీలం సంజీవరెడ్డిని ఓడించిన నాయకుడు ఆయన. సభ చేతకానితనాన్ని అంత నిజాయితీగా ఎత్తిచూపి, పదవిని అంత సులువుగా వదులుకున్నవారు తర్వాత అరుదు. అదే కాలంలో సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య వేరే దారి ఎంచుకున్నారు. నందికొండ దగ్గర ఆనకట్ట కోసం, పాలనలో తెలుగు కోసం సభలోపలా బయటా పట్టువదలకుండా పోరాడారు. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో ఏర్పడిన అధికార భాషా సంఘానికి ఆయనే తొలి అధ్యక్షుడయ్యారు. సభ నుంచి పని రాబట్టడమంటే ఏళ్ల తరబడి ఒకే ప్రశ్నను మళ్లీ మళ్లీ అడగడం. వావిలాల దారి నెమ్మదైనదే, కానీ నందికొండ దగ్గర నాగార్జునసాగర్ ఇప్పటికీ నిలిచి ఉంది.

ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం సాగిన జై ఆంధ్ర ఉద్యమంలో పరిస్థితి ఇంకా దిగజారింది. 1973 జనవరిలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం దిగిపోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. డిసెంబరులో జలగం వెంగళరావు ముఖ్యమంత్రి అయ్యేదాకా శాసనసభ సుప్తావస్థలోనే ఉంది. తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకేనన్న ముల్కీ నిబంధనల మీద ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలు రెండూ రగిలిపోతున్న ఏడాదిలో, రెండు ప్రాంతాల ప్రతినిధులూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే వేదికే మూతపడింది.

నలభై ఏళ్ల తర్వాత రాష్ట్ర విభజన సమస్య మళ్లీ సభ ముందుకొచ్చింది. ఈసారి తలుపులు తెరిచే ఉన్నాయి. 2013 డిసెంబరులో రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ బిల్లును అభిప్రాయం కోసం రాష్ట్రపతి పంపారు. జనవరి 23 దాకా గడువిచ్చి, తర్వాత జనవరి 30 దాకా పొడిగించారు. డిసెంబరు రోజులు నినాదాల్లో, వాయిదాల్లో కరిగిపోయాయి. సీమాంధ్రలో బిల్లు ప్రతులను భోగి మంటల్లో వేశారు. సభ్యులు 9 వేలకు పైగా సవరణలు ఇచ్చారు. వాటిమీద క్లాజు వారీగా ఓటింగ్ జరగలేదు. చివరి రోజు, జనవరి 30న, స్పీకర్ నాదెండ్ల మనోహర్ మూజువాణి ఓటు పెట్టారు. బిల్లును తిరస్కరిస్తున్నట్టు తీర్మానం నెగ్గింది. మూడు వారాల్లో పార్లమెంటు అదే బిల్లును ఆమోదించింది.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. ఆ చట్టంలోని తొమ్మిదో షెడ్యూలులో 91 సంస్థలు, పదో షెడ్యూలులో 142 సంస్థలు ఉన్నాయి. వాటి ఆస్తులు, అప్పులు, ఉద్యోగుల పంపకాలు ఉమ్మడి రాజధాని గడువు ముగిసిన 2024 జూన్ 2 నాటికీ పూర్తి కాలేదు. కృష్ణా జలాల వాటా తగువు ట్రిబ్యునల్ ముందే ఉంది. ఏ సంస్థ ప్రధాన కార్యాలయం ఎక్కడ, ఏ ప్రాజెక్టు నీళ్లు ఎన్ని అన్న లెక్కలు దేశంలో అందరికంటే బాగా తెలిసింది ఆ సభలోని 294 మందికే. విభజనను సమర్థించినా వ్యతిరేకించినా ఆ ఆరు వారాలు క్లాజు తర్వాత క్లాజు చర్చిస్తే, కనీసం వారి మాట రికార్డులో ఉండేది. తర్వాతి పదేళ్లలో రెండు రాష్ట్రాల అధికారులు పరస్పరం రాసుకున్న ఉత్తరాల్లో ఎన్నో ప్రశ్నలకు ఆ రికార్డే జవాబయ్యేది. తెలుగు శాసనసభల చరిత్రలో వృథా అయిన రోజుల్లో ఇంత ఖరీదైనవి మరోసారి రాకపోవచ్చు.

విభజన తర్వాత రెండు సభలు ఏర్పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది, తెలంగాణలో 119 మంది. 2017 మార్చిలో ఆంధ్రప్రదేశ్ సభ వెలగపూడికి చేరింది. అదే ఏడాది అక్టోబరులో వైఎస్సార్ కాంగ్రెస్ సభను బహిష్కరించింది. తమ గుర్తు మీద గెలిచి అధికార పక్షంలోకి వెళ్లిన 23 మందిపై చర్య తీసుకోవాలన్నది డిమాండు. ఆ డిమాండు న్యాయమైనదే. అది తీరలేదు, పార్టీ ఎన్నికల దాకా సభకు తిరిగి రాలేదు. ఆ ఏడాదిన్నర ప్రధాన ప్రతిపక్షం లేకుండానే పద్దులు ఆమోదం పొందాయి. తర్వాత పాత్రలు తారుమారయ్యాయి. 2021 నవంబరు 19న చంద్రబాబు నాయుడు మళ్లీ ముఖ్యమంత్రిగానే అడుగు పెడతానని ప్రకటించి సభ నుంచి వెళ్లిపోయారు. 2024 జూన్‌లో అన్నట్టే వచ్చారు. ఈసారి 11 స్థానాలకు పడిపోయిన వైఎస్సార్ కాంగ్రెస్, ప్రధాన ప్రతిపక్ష హోదా ఇవ్వలేదంటూ దూరంగా ఉండిపోయింది.

తెలంగాణలోనూ ఇబ్బందులు తక్కువ కావు. 2018 మార్చిలో గవర్నరు ప్రసంగ సమయంలో హెడ్‌ఫోన్ విసిరితే అది మండలి ఛైర్మన్ స్వామిగౌడ్‌కు తగిలింది. మర్నాడే ఇద్దరు కాంగ్రెస్ సభ్యుల సభ్యత్వం రద్దు చేశారు. ఏప్రిల్‌లో హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది. 2022 బడ్జెట్ సమావేశాలు గవర్నరు ప్రసంగం లేకుండానే మొదలయ్యాయి. ముందటి సమావేశాలను ప్రొరోగ్ చేయలేదు గనుక ఇది కొత్త సెషన్ కాదని ప్రభుత్వం చెప్పింది.

అరుపులు, విసుర్లు టీవీలో కనిపిస్తాయి. జనం కోపం సహజంగా వాటి మీదికే వెళ్తుంది. అసలు నష్టం కనిపించని చోట ఉంది. సభను ఎప్పుడు పిలవాలో, ఎన్నాళ్లు నడపాలో నిర్ణయించేది ప్రభుత్వం. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదని రాజ్యాంగం 174వ అధికరణ చెబుతుంది, ఏడాదికి ఎన్ని రోజులు కూర్చోవాలో చెప్పదు. పెద్ద శాసనసభలు కనీసం 90 రోజులు సమావేశం కావాలని 2002లో రాజ్యాంగ సమీక్షా కమిషన్ సిఫార్సు చేసింది. 2023లో దేశంలోని అసెంబ్లీలు సగటున కూర్చున్నది 22 రోజులు.

సభ కూర్చోకపోతే పాలన ఆగదు. ఆర్డినెన్సులతో నడుస్తుంది. దీన్ని పరాకాష్ఠకు తీసుకెళ్లింది బిహార్. 1967 నుంచి 1981 మధ్య 256 ఆర్డినెన్సులు తెచ్చి, కొన్నింటిని పదేళ్లకు పైగా మళ్లీ మళ్లీ జారీ చేస్తూ బతికించారు. డి.సి. వాధ్వా అనే ఆర్థికశాస్త్ర పరిశోధకుడు ఆ గెజిట్లన్నీ తిరగేసి సుప్రీంకోర్టుకు వెళ్లాక, 1986లో ఇది రాజ్యాంగాన్ని మోసగించడమేనని తీర్పు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో బడ్జెట్ కూడా ఆ దారి పట్టింది. 2021 మార్చిలో సభను పిలవకుండా మూడు నెలల ఖర్చుకు ఆర్డినెన్సు తెచ్చారు. మే 20న ఒక్క రోజు సభ పెట్టి సుమారు 2.3 లక్షల కోట్ల బడ్జెట్‌ను ఆమోదించారు. తెలుగుదేశం ఆ రోజు సభకు రాలేదు. ప్రభుత్వం మారాక 2024లో మళ్లీ ఆగస్టు నుంచి నాలుగు నెలల ఖర్చుకు ఆర్డినెన్సే వచ్చింది. పూర్తి బడ్జెట్ నవంబరు 11న పెట్టారు. ఈసారి రానిది వైఎస్సార్ కాంగ్రెస్. పార్టీలు మారాయి, పద్ధతి మారలేదు.

సభ కూర్చునే రోజులు తగ్గితే ముందుగా పోయేది ప్రశ్నోత్తరాల గంట. ఒక సభ్యుడు తన మండలంలో ఆగిపోయిన కాలువ పని గురించి నక్షత్ర గుర్తు ప్రశ్న వేస్తే, ఆ శాఖ సిబ్బంది కింది స్థాయి ఇంజనీరు దాకా ఫైళ్లు కదిలించి జవాబు తయారుచేయాలి. మంత్రి ఆ జవాబుకు బాధ్యుడవుతాడు, అనుబంధ ప్రశ్నలకు అక్కడికక్కడే తడుముకోకుండా చెప్పాలి. సభ వాయిదా పడితే రాతపూర్వక జవాబు బల్లమీదికి చేరుతుంది గానీ, ఆ అనుబంధ ప్రశ్నలు ఉండవు. పద్దులదీ అదే గతి. గడువు దగ్గరపడగానే చర్చకు రాని శాఖలన్నిటినీ గిలటిన్ కింద ఒకే ఓటుతో ఆమోదిస్తారు. ఆసుపత్రుల డబ్బు, హాస్టళ్ల డబ్బు ఒక్క ప్రశ్న కూడా ఎదుర్కోకుండా ఖర్చుకు వెళ్తుంది.

2025 ఫిబ్రవరి 24న గవర్నరు ప్రసంగానికి వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులు వచ్చి, నినాదాలు చేసి, కాసేపట్లో వెళ్లిపోయారు. ఆ రోజుల్లోనే 190వ అధికరణలోని నాలుగో క్లాజు చర్చకొచ్చింది. అనుమతి లేకుండా 60 రోజులు అన్ని సమావేశాలకూ గైర్హాజరైన సభ్యుడి స్థానం ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చని అది చెబుతుంది. అయితే సభ ప్రొరోగ్ అయిన కాలం, వరసగా నాలుగు రోజులకు మించి వాయిదాలో ఉన్న కాలం ఆ లెక్కలోకి రావు. ఏడాదికి ఇరవై చిల్లర రోజులే కూర్చునే సభలో 60 రోజులు నిండాలంటే రెండు మూడేళ్లు పడుతుంది. మధ్యలో ఒక్క పూట వచ్చి వెళ్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. సభను తక్కువ రోజులు నడిపే ప్రభుత్వం, ఆ కొద్ది రోజులకూ రాని ప్రతిపక్షానికి ఆ మేరకు రక్షణ కల్పిస్తోంది.