నీళ్ళలో మునిగిన ఊళ్ళు, డబ్బాల్లో మిగిలిన నెగెటివ్‌లు

సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున సెల్ఫీలు దిగేవాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ నీళ్ళ కింద ఊళ్ళున్నాయి. శ్రీశైలం ప్రాజెక్టుకి 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1980ల మొదట్లో జలాశయం నిండింది. అటు కర్నూలు, ఇటు మన పాలమూరు జిల్లాల్లో ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ అయ్యాయి. కొల్లాపూర్ పక్కనున్న జటప్రోలు గుళ్ళని విప్పి, ఎత్తు మీదకి తెచ్చి మళ్ళీ కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరుడు అలంపురం చేరాడు. మంచి పనే. మరి ఇళ్ళు, వాకిళ్ళు, వీధులు? వాటినెవరూ తరలించలేదు. వాటికి మిగిలిన సాక్ష్యం ఆనాటి ఫొటోలే.

ఆ రోజుల్లో మన వైపు ఫొటో అంటే చాలావరకు బ్లాక్ అండ్ వైటే. ఊటీలో 1960లో పెట్టిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ తయారుచేసిన 'ఇందు' ఫిల్ము, తూర్పు జర్మనీ 'ఓర్వో' వాడేవారు. ప్రింటు మనకిచ్చి, నెగెటివ్ స్టూడియోవాళ్ళే దాచుకునేవారు. డిజిటల్ వచ్చాక ఆ డబ్బాలు అటక ఎక్కాయి. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో బొమ్మంటే నిజంగా వెండే. అందుకే పాత ఫిల్ముని వెండి కోసం కొనేవాళ్ళు కూడా ఉంటారు!

ఇక్కడే ఓ పోలిక. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ కూడా మనలాగే ఇంజనీరింగ్ చదివినవాడే, రూర్కీలో. ఆయన గాజు పలకల నెగెటివ్‌లు 2,857 దాకా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం కొని భద్రపరిచింది. అంటే దొరల విందులు, వేటలు, మహళ్ళు భద్రం. మన తాతల పెళ్ళి పందిళ్ళు మాత్రం గాలికి.

మా అమ్మమ్మ వాళ్ళది మునిగిన ఊరే. పెళ్ళి ఫొటో ప్రింటులో రెండు మొహాలే ఉంటాయి. నెగెటివ్ స్కాన్ చేస్తే వెనకాల మిద్దెలు, వేపచెట్టు, సగం వీధి బయటపడ్డాయి. ప్రింటు వేసినాయన అవన్నీ కత్తిరించేశాడన్నమాట. అమ్మమ్మ స్క్రీన్ మీద వేలు పెట్టి, "గిది మన వాకిలే గదరా" అని, ఒక్కో ఇల్లు ఎవరిదో చెప్పుకుంటూ పోయింది.

మన భాషలో చెప్పాలంటే నెగెటివ్ సోర్స్ కోడ్, ప్రింటు దాన్నుంచి వచ్చిన ఒక బిల్డు మాత్రమే. కాబట్టి దొరికితే నెగెటివే స్కాన్ చేయండి. 16 బిట్ గ్రేస్కేల్, టిఫ్ ఫైలు. 35 ఎం.ఎం. ఫిల్ముని 3200 పి.పి.ఐ. దగ్గర స్కాన్ చేస్తే సుమారు 4500×3000 పిక్సెళ్ళు వస్తాయి, అంటే 15×10 అంగుళాల ప్రింటుకి సరిపోతుంది. స్కానర్లో ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము తీసే ఆప్షన్ ఆపేయండి. వెండి ఆ కిరణాల్ని అడ్డుకుంటుంది, సాఫ్ట్‌వేర్ మీ తాతగారి మీసాన్ని కూడా దుమ్మనుకుంటుంది :)

ప్రింటు వేయించేటప్పుడు కూడా జాగ్రత్త. రంగు ఇంకులు కలిపి నలుపు తెప్పిస్తే ఆకుపచ్చో గులాబీయో ఛాయ కొడుతుంది. 2005లో ఎప్సన్ మూడు స్థాయిల నలుపు ఇంకులతో ప్రింటర్లు తెచ్చాక ఆ బాధ చాలా తగ్గింది. అలా రెండు మూడు నలుపు, బూడిద ఇంకులున్న పిగ్మెంట్ ప్రింటర్ ఎక్కడుందో అడిగి మరీ వేయించండి.

డబ్బా తెరవగానే పుల్లటి వాసన వస్తే ఎసిటేట్ ఫిల్ము కుళ్ళుతున్నట్టే. ఇక వాయిదా వేయొద్దు. అంతకన్నా తొందరపడాల్సింది ఇంకోటుంది. స్కాన్ ఎప్పుడైనా చేసుకోవచ్చేమో గానీ, ఆ ఇల్లు ఎవరిదో చెప్పగలిగే మనుషులు ఏటికేడాది తగ్గిపోతున్నారు. అందుకే ప్రతి నెగెటివ్‌కీ నంబరేసి, పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, పేర్లు రాయండి. ఈ దసరాకి ఊరెళ్ళినప్పుడు ముందు అటక ఎక్కండి, తర్వాతే ల్యాప్‌టాప్ తెరవండి.