‘ఆల్మోస్ట్’కు, ‘అప్రాక్సిమేట్లీ’కి తేడా తెలుసా? ఇంటర్వ్యూలో ఈ ఒక్క మాటతో అర్థమే మారిపోతుంది!

సుమారు, దాదాపు అని ఇంగ్లీష్‌లో చెప్పాలంటే చాలామందికి ముందుగా నోటికొచ్చే మాట ‘అప్రాక్సిమేట్లీ’. దీనికి బదులు వాడే మాటలు కూడా చాలానే ఉన్నాయి. అబౌట్, అరౌండ్, రఫ్లీ, నియర్లీ, ఆల్మోస్ట్.. ఇలా. అన్నింటి అర్థం ఒకటే కదా అని ఏది పడితే అది వాడేస్తుంటారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. వీటిలో కొన్ని అంకెకు అటూ ఇటూ రెండు వైపులా పోతాయి. కొన్ని మాత్రం అంకెకు కింది వైపే ఆగిపోతాయి. ఏ మాట ఎక్కడ వాడాలో చూద్దాం.

అసలు అర్థం ఏంటి?

అప్రాక్సిమేట్లీ అనే మాటకు మూలం లాటిన్. ‘ప్రాక్సిమస్’ అంటే అతి దగ్గరగా ఉన్నది అని. చెప్పే అంకె సరిగ్గా అదే కాకపోయినా దానికి బాగా దగ్గర్లో ఉందని అర్థం. కొంచెం తక్కువ కావచ్చు, కొంచెం ఎక్కువ కావచ్చు. లెక్కల పుస్తకాల్లో రెండు అలల గీతలతో వేసే గుర్తు చెప్పేది కూడా ఇదే.

‘దాదాపు’ దగ్గరే తికమక

తెలుగులో ‘దాదాపు’ అనే మాట రెండు పనులు చేస్తుంది. ‘దాదాపు 50 మంది వచ్చారు’ అంటే వచ్చింది 48 మంది కావచ్చు, 53 మంది కావచ్చు. ‘పని దాదాపు అయిపోయింది’ అంటే మాత్రం ఇంకా కొంచెం మిగిలే ఉందని. మనకు రెండింటికీ ఒకటే మాట సరిపోతుంది.

ఇంగ్లీష్‌లో అలా కుదరదు. మొదటి దానికి అప్రాక్సిమేట్లీ, అబౌట్ వాడతారు. రెండో దానికి ఆల్మోస్ట్, నియర్లీ వాడతారు. ‘ఆల్మోస్ట్ ఫిఫ్టీ పీపుల్ కేమ్’ అంటే 50కి ఒకరో ఇద్దరో తగ్గారని. 53 మంది వచ్చినప్పుడు ఆ మాట వాడితే తప్పే.

ఒకే అంకె.. మూడు రకాలుగా

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8,11,27,740 మంది. దీన్నే ఎన్ని రకాలుగా చెప్పొచ్చంటే..

* అప్రాక్సిమేట్లీ 8.1 కోట్లు: కరెక్ట్. దగ్గరి అంకె ఇదే.
* ఓవర్ 8 కోట్లు: ఇదీ కరెక్టే. 8 కోట్లు దాటింది కాబట్టి.
* ఆల్మోస్ట్ 8 కోట్లు: తప్పు. ఇంకా 8 కోట్లకు చేరలేదని అర్థం వస్తుంది.

ఇంటర్వ్యూలో ఎందుకంత ముఖ్యం?

ఉద్యోగ ప్రకటనలో కనీసం 5 ఏళ్ల అనుభవం ఉండాలని రాశారనుకుందాం. అభ్యర్థికి ఉన్నది 5 ఏళ్ల 2 నెలలు. ‘దాదాపు ఐదేళ్లు’ అని మనసులో అనుకుని ‘ఐ హ్యావ్ ఆల్మోస్ట్ ఫైవ్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’ అనేస్తే, తనకు ఐదేళ్లు నిండలేదని తనే చెప్పుకున్నట్టు. అర్హత ఉండి కూడా లేనట్టే వినిపిస్తుంది. అక్కడ చెప్పాల్సింది ‘ఓవర్ ఫైవ్ ఇయర్స్’ లేదా ‘జస్ట్ ఓవర్ ఫైవ్ ఇయర్స్’.

అదే 4 ఏళ్ల 10 నెలలు ఉన్నవారు ‘ఆల్మోస్ట్ ఫైవ్’ అంటే నిజాయతీగా ఉంటుంది. ‘అప్రాక్సిమేట్లీ ఫైవ్’ అంటే అటో ఇటో తెలియదు కాబట్టి ఎదుటివాళ్లు మళ్లీ అడుగుతారు. రెజ్యూమెలో అయితే ఈ మాటలేవీ లేకుండా ఏళ్లు, నెలలు నేరుగా రాసేయడమే మేలు.

ఏ మాట ఎక్కడ?

* అబౌట్, అరౌండ్: రోజువారీ మాటల్లో ఇవే ఎక్కువ. ‘హైదరాబాద్ నుంచి విజయవాడ అబౌట్ 270 కిలోమీటర్స్’, ‘అరౌండ్ టెన్ ఓ క్లాక్’ అనొచ్చు.
* అప్రాక్సిమేట్లీ: రిపోర్టులు, ఆఫీసు ఈమెయిల్స్, సైన్స్ విషయాలకు బాగుంటుంది. ఫ్రెండ్‌తో ‘అప్రాక్సిమేట్లీ ఫైవ్ మినిట్స్‌లో వస్తా’ అంటే కాస్త బరువుగా ఉంటుంది.
* రఫ్లీ: ఇంకా పక్కాగా లెక్క వేయలేదు, ఉజ్జాయింపుగా చెబుతున్నాం అన్నప్పుడు.
* సమ్: ‘సమ్ టూ హండ్రెడ్ పీపుల్’ అంటే ‘ఓ రెండొందల మంది’. మన ‘ఓ’ చేసే పనే ఇదీ చేస్తుంది.
* గివ్ ఆర్ టేక్: అచ్చం మన ‘అటూ ఇటూగా’. అంకె చెప్పాక వస్తుంది.
* ఆడ్: ‘ఫార్టీ ఆడ్’ అంటే నలభై పైచిలుకు.
* సర్కా: పాత కాలపు సంవత్సరాలకు వాడే మాట. మ్యూజియం బోర్డుల్లో, చరిత్ర పుస్తకాల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ పొరపాట్లు చేయొద్దు

‘అప్రాక్సిమేట్లీ అబౌట్ ఫిఫ్టీ’ అని చాలామంది అంటుంటారు. రెండూ ఒకే అర్థం కాబట్టి ఒకటి చాలు. ‘అప్రాక్సిమేట్లీ 40 టు 50’ అనడమూ అంతే. 40 నుంచి 50 అన్నాక అది ఉజ్జాయింపే అని తెలిసిపోతుంది. తెలుగులో వినిపించే ‘దాదాపు 30 మందికి పైగా’ కూడా ఈ కోవలోదే. దాదాపు 30 అయినా అనాలి, 30 మందికి పైగా అయినా అనాలి.

అంకె, కొలత లేనిచోట అప్రాక్సిమేట్లీ సాధారణంగా కుదరదు. ‘ఐ యామ్ ఆల్మోస్ట్ రెడీ’ అంటారు గానీ ‘అప్రాక్సిమేట్లీ రెడీ’ అనరు. ఇక ‘అబౌట్’ పక్కన ‘టు’ చేరితే అర్థమే వేరు. ‘ఐ యామ్ అబౌట్ టు లీవ్’ అంటే బయల్దేరబోతున్నా అని.

ఆల్మోస్ట్, నియర్లీ కూడా అన్నిచోట్లా ఒకటి కావు. ‘ఆల్మోస్ట్ నెవర్’, ‘ఆల్మోస్ట్ నథింగ్’ అంటారు. అక్కడ నియర్లీ పెట్టరు.

మరీ పక్కా అంకె ముందు కూడా ఈ మాట నప్పదు. ‘అప్రాక్సిమేట్లీ 1,247 రూపాయలు’ అంటే వినేవాళ్లకు వింతగా ఉంటుంది. 1,250 అని రౌండ్ చేసి చెప్పాలి, లేదంటే ఉన్న అంకెనే నేరుగా చెప్పేయాలి. మందుల డోసు, అగ్రిమెంట్‌లో రాసే అద్దె, బ్యాంకు లావాదేవీల్లాంటి చోట్ల ఉజ్జాయింపు మాటలకు అసలు చోటే లేదు.

పలకడంలోనూ తేడా

తెలుగులో ‘అప్రాక్సిమేట్లీ’ అని రాయడం అలవాటైపోయింది. ఇంగ్లీష్‌లో మాత్రం చివర్లో ‘మేట్’ అని సాగదీయరు. ‘అప్రాక్సిమట్లీ’ అని పొట్టిగా పలుకుతారు. స్పెల్లింగ్‌లో ‘పి’ అక్షరం రెండుసార్లు వస్తుంది. మొత్తం 13 అక్షరాలు.

ఒక్క ముక్కలో గుర్తుంచుకోవాలంటే: అంకె దాటిందో తగ్గిందో చెప్పక్కర్లేకపోతే అబౌట్ లేదా అప్రాక్సిమేట్లీ. ఇంకా చేరకపోతే ఆల్మోస్ట్ లేదా నియర్లీ. దాటిపోతే ఓవర్ లేదా మోర్ దెన్.