అత్తయ్య పెళ్లి ఫోటో, జేబులో పెన్ను

మొన్న అటక దులుపుతుంటే ట్రంకు పెట్టెలో మా అత్తయ్య పెళ్లి ఫోటో దొరికింది. అరచేయంత నలుపు తెలుపు బొమ్మ. అంచులు పసుపెక్కాయి. వెనక స్టూడియో ముద్ర, దాని కింద మామయ్య చేతిరాతలో 1973 అని.

"ఇది పెళ్లినాడు తీసింది కాదమ్మాయ్. ఆ రోజు బస్సుల్లేవు, ఫోటో తీసేవాడు కొనకనమిట్ల దాకా రాలేకపోయాడు. తర్వాతెప్పుడో మార్కాపురం పోయి తీయించుకున్నాం" అంది అత్తయ్య.

అది జై ఆంధ్ర ఉద్యమం నాటి సంగతి. తెలంగాణలో స్థానికులకే ఉద్యోగాలనే నిజాం కాలపు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో కోస్తా, రాయలసీమ భగ్గుమన్నాయి. ముందు విద్యార్థులు, డిసెంబర్‌లో ఎన్జీవోలు సమ్మెకు దిగారు. బందులు, కాల్పులు, నెలల తరబడి మూతపడ్డ బడులు. 1973 జనవరిలో ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు రాజీనామా చేశారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. సెప్టెంబర్‌లో ఆరు సూత్రాల పథకం వచ్చాకే కాస్త సద్దుమణిగింది. నెల్లూరు, కర్నూలు, గుంటూరు నుంచి తలా కొంత కోసి 1970లో కట్టిన మన ఒంగోలు జిల్లాకు ప్రకాశం పేరు పెట్టిందీ ఆ 1972లోనే.

ఇదంతా పుస్తకాల్లో ఉంది. అత్తయ్య సంగతి లేదు.

ఆ ఏడాది ఆమె పదో తరగతి. బడి ఎప్పుడు తెరుస్తారో తెలీదు, ఎదిగిన పిల్లను ఇంట్లో ఎన్నాళ్లు కూర్చోబెడతామని సంబంధం చూసేశారు. పదహారేళ్లు. అప్పటి చట్టానికి ఆడపిల్లకు పదిహేను నిండితే చాలు, పద్దెనిమిది చేసింది 1978లో. ఆమె పుట్టింట్లో గోడ మీద అన్నదమ్ములిద్దరి పదో తరగతి గ్రూపు ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. ఆమెది లేదు, తీయలేదు కాబట్టి.

అప్పటికి మనకు టీవీ లేదు. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైందే 1977లో. ఊళ్లో కెమెరా ఉన్న ఇల్లూ లేదు. ఉద్యమం ఫోటోలంటే పేపర్లో వచ్చినవే, ఊరేగింపులు, నాయకులు, పోలీసులు. ఆగిపోయిన చదువును ఎవరు ఫోటో తీస్తారు చెప్పండి?

ఫోటోలో మామయ్య చొక్కా జేబుకు ఓ పెన్ను ఉంది. ఆ రోజుల్లో మగవాళ్లందరికీ అదో దర్జా కదా అని నవ్వాను.

"ఆ పెన్ను నాది" అంది అత్తయ్య. "పరీక్షలకని మా నాయన కొనిచ్చాడు. స్టూడియో అతను జేబు బోసిగా ఉందంటే నేనే తీసిచ్చాను."

యాభై ఏళ్లుగా ఆ ఫోటో చూస్తున్న మామయ్య కూడా ఈ మాట ఎప్పుడూ మాకు చెప్పలేదు. ఇప్పుడాయన లేరు.

మా అబ్బాయిని పిలిచి, ఫోన్‌లో వీడియో తియ్యరా అన్నాను. అత్తయ్య కొంగు సర్దుకుని కూర్చుంది. ఆరు నిమిషాలు మాట్లాడింది. ముల్కీ గురించి అర నిమిషం. మిగతాదంతా ఆ పెన్ను ఏ రంగు, సిరా ఎక్కడ కొనేవాళ్లు, లెక్కల్లో తనకు ఎన్ని మార్కులొచ్చేవి అని.

ఫోటో వెనక పెన్సిల్‌తో పేర్లు రాసి పెట్టాను. పెన్ను ఎవరిదో కూడా.