కండరమునకు శక్తి యెక్కడిది?

మైలవరము తోటలలో మామిడికాయల గంపను ఒక్క ఊపున తలకెత్తుకొను కూలీని చూచినపుడెల్ల, ఆ క్షణమున కండరమునకు అంతటి శక్తి యెక్కడిదని మేము ఆశ్చర్యపడుదుము. ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన వారిలో ముఖ్యులు, 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఆనాడు కండరము ముడుచుకొనుటకు లాక్టిక్ ఆమ్లమే మూలమని పండితుల నమ్మకము. కండర పరిశోధనకై హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానమును లభించెను. సుబ్బారావుగారు అమెరికాలోని బోస్టన్ నగరము చేరిరి. హార్వర్డులో ఫిస్క్ ఆచార్యునితో కూడి, నీలిరంగు గాఢతను బట్టి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి.

కండరసారమును పరీక్షింపగా ఆ రంగు వెంటనే రాక, మెల్లమెల్లగా చిక్కనయ్యెను. కొలతలోని లోపమని త్రోసివేయక వారు కారణమును వెదకిరి. క్రియేటిన్‌తో జతపడియున్న భాస్వరము పరీక్షాద్రవపు ఆమ్లములో కొద్దికొద్దిగా విడిపోవుచుండెను! అదియే 1927లో వెల్లడియైన ఫాస్ఫోక్రియేటిన్. పనిచేయు కండరమున అది తరుగును. విశ్రాంతిలో మరల నిండును. 1929లో వారు ఏ.టీ.పీ.ని కనుగొనిరి, ఆ యేటనే జర్మనీలో లోమన్‌కును అది దొరకెను. లాక్టిక్ ఆమ్లము పుట్టకయే కండరము ముడుచుకొనగలదని 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్ నిరూపించుటతో పాత సిద్ధాంతము కూలెను. కండరము నేరుగా వెచ్చించునది ఏ.టీ.పీ. యనియు, దానిని తక్షణమే భర్తీచేయునది ఫాస్ఫోక్రియేటిన్ అనియు క్రమముగా తేలెను.

సుబ్బారావుగారు 1948లో అమెరికాలోనే కన్నుమూసిరి. నోబెల్ బహుమానము వారికి రాలేదు. తెలుగునాట వారి పేరెరుగని యిండ్లు నేటికిని కలవు. రంగు ఆలస్యమైనపుడు విసుగుకొనక, ఎందులకని అడిగిన ఆ తెలుగువాని కథను పిల్లలకు చెప్పుడని మా మనవి.