పన్నెండు ప్రాణములు - ఎనిమిది గంటలు

యంత్రమునకు అలసట లేదు. దానిచెంత నిలిచిన మనుష్యుని పనికి మేర యెక్కడ? పరిశ్రమలు వెలసిన ప్రతి దేశమునందును ఈ ప్రశ్న పుట్టినది. అమెరికాలో 1886 మే 1వ తేదీన లక్షల సంఖ్యలో శ్రామికులు ఎనిమిది గంటల పనిదినమును కోరి సమ్మె కట్టిరి. మూడు దినములకు చికాగో నగరమున హేమార్కెట్ కూడలిలో బాంబు ప్రేలెను. దానిని విసరిన వా రెవ్వరో తేలకయే, మరుసటి యేట నలుగురు ఉరికంబ మెక్కిరి.

ఈ చరిత్ర దూరదేశపు ముచ్చట యని తలంపరాదు. మనము నివసించు పుదుచ్చేరియందే దాని కొక అధ్యాయము గలదు.

ఫ్రెంచి పాలనలో ఈ పట్టణమున సవానా, రోడియర్, గెబ్లే యను మూడు పెద్ద నూలుమిల్లు లుండెను. ఇచ్చట నేసి నీలిరంగు వేసిన బట్ట ఆఫ్రికా తీరమునకు ఓడలపై పోవుచుండెను. బట్టకు బేరమున్నను నేసినవారికి విశ్రాంతి లేకుండెను. 1934లో ‘స్వతంత్రం’ పత్రికను స్థాపించిన వి. సుబ్బయ్యగారు వారిని సంఘటితపరచిరి. 1935లో సవానా మిల్లున సమ్మె జరిగెను.

1936లో ఫ్రాన్సున లియోన్ బ్లూమ్ ప్రభుత్వము వచ్చెను. అచ్చటి శ్రామికులు కర్మాగారములలోనే బైఠాయించి, వారమునకు నలుబది గంటల పనిచట్టమును సాధించిరి. పాలకుల దేశమున న్యాయమైనది పాలితుల దేశమున అన్యాయ మెట్లగును? పుదుచ్చేరి శ్రామికులును మిల్లులు విడువక లోపలనే నిలిచిరి. జూలై 30వ తేదీన వారిపై తుపాకులు ప్రేలెను. పన్నెండుగురు నేలకొరిగిరి. అదే సంవత్సరాంతమున అమెరికాలో ఫ్లింట్ నగరపు మోటారు కార్మికులును ఇట్లే లోపల కూర్చుండి, నలుబది నాలుగు దినములకు తమ సంఘమునకు గుర్తింపు పొందిరి. మార్గ మొకటియే, చెల్లించిన మూల్యము మాత్రము వేరు.

ఆ నెత్తురు వ్యర్థము కాలేదు. సుబ్బయ్యగారు పారిస్ వరకు పోయి మొరవెట్టిరి. 1937 ఏప్రిల్ 6వ తేదీ శాసనము ఫ్రెంచి ఇండియాకు ఎనిమిది గంటల పనిదినమును, సంఘము పెట్టుకొను హక్కును ఇచ్చెను. మన తెలుగు గడ్డ యానాము ఆ ఫ్రెంచి ఇండియాలోని భాగమే. సరిహద్దు కావల, ఆంగ్ల పాలనలోని భారతమున, వారమునకు నలుబదెనిమిది గంటల నియమము వచ్చుటకు 1946 వరకు వేచియుండవలసి వచ్చెను.

రోడియర్ మిల్లు కాలక్రమమున ఏ.ఎఫ్.టి. పేర ప్రభుత్వపరమై, 2020లో మూతపడినది. యంత్రముల చప్పుడు అణగినను జూలై 30వ తేదీన అమరులకు అంజలి ఘటించు ఆచారము నిలిచియున్నది.

కార్యాలయమున గడియారము చూచి లేచి యింటికి మరలు మనము, ఆ గడియారపు ముల్లును అచ్చట నిలిపినవారి ఋణము తలపోయుచున్నామా? పని పెరిగినదని, వేళ మించినదని మన క్రింది ఉద్యోగిని నిలుపుకొనునపుడైనను ఆ పన్నెండుగురు జ్ఞప్తికి వచ్చినచో, ఆ ఋణమున కొంత తీరినట్లే.