తలుపు దగ్గర కొత్త మనిషి: గుత్పల సంఘం నుంచి వాట్సాప్ పుకార్ల దాకా

ఈ రోజు ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. రాత్రి పదకొండు దాటింది. వాకిట్ల ఎవరో తిరుగుతున్న చప్పుడు. కుక్క ఒకటే మొరుగుతోంది. ఇంట్లో అమ్మ ఉంది, చెల్లె ఉంది. మీరేం చేస్తారు? ఈ మాట ఏ కుర్రాణ్ణి అడిగినా దాదాపు ఒకటే జవాబు వస్తోంది. "చేతిల ఏదన్న పట్టుకొని బయటికి పోత అన్నా!"

పోవాలా వద్దా అన్నది ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ మన నేలకి ఈ విషయంలో పెద్ద అనుభవమే ఉంది. ఆ కథ విన్నాక జవాబు మీరే చెప్పుకుంటారు.

మాది పానగల్. మన దగ్గర రెండు పానగల్లు ఉన్నాయి, చాలామంది కలిపేస్తుంటారు. ఒకటి నల్లగొండ పక్కనే ఉంది. కందూరు చోడులు ఏలిన ఊరు, ఛాయా సోమేశ్వరాలయం ఉన్న చోటు. రెండోది పాత మహబూబ్‌నగర్, ఇప్పటి వనపర్తి జిల్లాలో ఉంది. గుట్ట మీద కోట ఉన్న ఊరు. నేను ఈ కోట ఊరోణ్ణి.

ముందు ఆ కోట సంగతే చూద్దాం. సుమారు 1417లో బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షా దీన్ని ముట్టడించాడు. రెండేళ్లు కూర్చున్నా కోట లొంగలేదు. చివరికి ఆయన శిబిరంలోనే జబ్బులు వ్యాపించి మనుషులు, గుర్రాలు చచ్చిపోయాయి. ఆ మీద విజయనగర రాజు మొదటి దేవరాయల సైన్యం వచ్చి ఓడించింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కోట అంటే ముందు గోడ, తర్వాతే కత్తి. బయట ఎవరున్నారో, ఎంతమంది ఉన్నారో తెలియకుండా తలుపు తీసుకొని బయటికి దూకేటట్టయితే ఇంత పెద్ద గోడ కట్టడం దేనికి?

సరే, రాజులకి కోటలున్నాయి. మామూలు మనిషికి ఏముంది? ఒక మట్టి గోడ, ఒక చెక్క తలుపు. ఆ తలుపు మీదికి దౌర్జన్యం వచ్చినప్పుడు మనవాళ్లు ఏం చేశారో చూడాలంటే 1940ల నల్లగొండ జిల్లాకి పోవాలి.

అప్పుడు నిజాం రాజ్యం. ఊళ్లలో దేశ్‌ముఖుల పెత్తనం, వెట్టి చాకిరి. ఎదురు తిరిగినోడి ఇంటి మీదికి దొర మనుషులు వచ్చేవాళ్లు. ఫిర్యాదు చేద్దామంటే ఊళ్లో పోలీస్ పటేల్ కూడా దొర మాట వినేవాడే. ఆంధ్ర మహాసభ అండతో జనం సంఘం పెట్టుకున్నారు. 1946 జూలై 4న కడవెండిలో సంఘం ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ రోజు తర్వాత ఊరూరా గుత్పల సంఘాలు లేచాయి. గుత్ప అంటే చేతికర్ర. కర్రతో పాటు వడిసెల, అందులో పెట్టడానికి రాళ్లు. ఆడవాళ్ల చేతిలో రోకలిబండ, కారంపొడి. ఇవన్నీ అంగట్లో ఆయుధాలని కొన్నవి కావు. వడిసెల చేనులో పిట్టలు కొట్టేది, రోకలి వడ్లు దంచేది.

మనం సినిమాల్లో ఒక్కడు గొడ్డలి పట్టుకొని వందమందిని నరకడం చూసి చూసి ఇది కూడా అట్లాంటిదే అనుకుంటాం. కాదు. గుత్పల సంఘం అన్న పేరులోనే ఉంది చూడండి. గుత్ప ఒక్కటే కాదు, సంఘం. వంతులవారీగా కావలి, అందరికీ తెలిసిన కేక, ఒక ఇంటి మీదికి వస్తే ఊరంతా లేచి రావడం. ఇంకో పెద్ద విషయం, వచ్చేది ఎవరో వాళ్లకు ఖచ్చితంగా తెలుసు. పేరు తెలుసు, ఏ గడీ నుంచి వస్తున్నారో తెలుసు.

బైరాన్‌పల్లి పేరు మీరు వినే ఉంటారు. ఇప్పుడు సిద్దిపేట జిల్లా, అప్పుడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకా. ఆ ఊరి బురుజు మీద కావలి ఉండేవాళ్లు. రజాకార్లు వస్తుంటే పైనుంచి నగారా మోగేది. భర్మార్ తుపాకులు, వడిసెలలతో మొదట వచ్చిన దాడులని ఊరు తిప్పికొట్టింది. కానీ 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాం బలగాలతో కలిసి వచ్చి పడ్డారు. దాదాపు వందమందిని చంపేశారు. సరిగ్గా మూడు వారాలకి, సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు.

నాకు ఈ కథ చెప్పుకున్న ప్రతిసారీ రెండు మాటలు గుర్తుకొస్తాయి. ఒకటి, వాళ్ల ధైర్యం. రెండోది, చేతిలో ఆయుధం ఉన్నంత మాత్రాన ప్రాణం దక్కుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ జనం సరదాకి కర్ర పట్టలేదు. పిలిస్తే వచ్చే పోలీసు లేడు, వినే కోర్టు లేదు. అన్ని తలుపులూ మూసుకుపోయాకే కర్ర తీశారు.

ఇప్పుడు కథలో రెండో పక్క. "అనుమానాస్పద వ్యక్తి" అంటుంటాం కదా. ఎవరిని చూస్తే మనకి అనుమానం వస్తుంది? ఆ అనుమానం ఎవరు నేర్పారు?

1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. కొన్ని కులాలు, తెగలు పుట్టుకతోనే నేరస్తులని రాసేసింది. పేర్లు నమోదు చేసుకోవాలి, హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అట్లా పెట్టిన సెటిల్‌మెంటే. అక్కడ ఎరుకల కుటుంబాలని సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పజెప్పారు. మహారాష్ట్ర వైపు వేట మీద బతికే పార్ధీలకీ ఈ ముద్ర పడింది. 1952లో చట్టం రద్దయింది. కాగితం మీద ముద్ర పోయింది, జనం నోట్లో పోలేదు.

ఎట్లా పోలేదో 2018 వేసవిలో చూశాం. "పార్థీ గ్యాంగ్ దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు, కిడ్నీలు తీస్తున్నారు" అని వాట్సాప్‌లో మెసేజ్‌లు, వీడియోలు. నా ఫోన్‌కీ వచ్చాయి, మీలో చాలామందికీ వచ్చే ఉంటాయి. పేరు గమనించారా? ఎప్పుడో బ్రిటిష్ వాళ్లు వేసిన ముద్రే, ఫోన్ స్క్రీన్ మీద మళ్లీ లేచింది. ఊళ్లలో కుర్రాళ్లు కట్టెలు పట్టుకొని రాత్రుళ్లు కాపలా కాశారు. పైకి చూస్తే గుత్పల సంఘం లాగే ఉంది. కానీ వచ్చేది ఎవరో ఎవరికీ తెలియదు. కాబట్టి దొరికినోడే దొంగ అయ్యాడు. దెబ్బలు తిన్నది ఎవరు? అడుక్కుని తినేవాళ్లు, మతి సరిగా లేనివాళ్లు, తెలుగు రాని కూలీలు. యాదాద్రి భువనగిరి జిల్లాలో చుట్టాల ఇంటికి వచ్చిన మనిషిని కొట్టి చంపారు. మే 26 రాత్రి హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం తీశారు. వీళ్లు ఏ పిల్లనీ ఎత్తుకుపోలేదు. తాడుని చూసి పామనుకోవడం అందరికీ జరుగుతుంది. చేతిలో కర్ర ఉన్నప్పుడు, అది తాడేనని తెలిసేలోపే దెబ్బ పడిపోతుంది.

అదే వేసవిలో మా వైపు జరిగింది కూడా చెప్పాలి. జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలకి అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి. ఎండాకాలం వాకిట్లో మంచాలేసుకొని పడుకునే జనం, తలుపులు బిగించుకొని లోపల పడుకుంటున్నారని బీట్ కానిస్టేబుళ్లు గమనించారు. ఆరా తీస్తే ఈ వీడియోలు బయటపడ్డాయి. పోలీసులు ఊరూరా తిరిగారు. డప్పు కొట్టించి, పాటలు పాడించి, అది అబద్ధమని చెప్పారు. కొత్తవాళ్లు కనబడితే కొట్టొద్దు, మాకు ఫోన్ చేయండి అన్నారు. ఆ నాలుగు వందల ఊళ్లలో పుకారు ఒక్క ప్రాణం కూడా తీయలేదు. జూలైలో వాట్సాప్ కూడా మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ పోకుండా పరిమితి పెట్టింది.

ఇక చట్టం మాట. మీకు ఆత్మరక్షణ హక్కు ఉంది, అందులో అనుమానం లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లన్నీ దాని గురించే. అంతకుముందు ఐపీసీలో 96 నుంచి 106. సూర్యాస్తమయం తర్వాత ఇల్లు పగలగొట్టి చొరబడినవాడి విషయంలో చట్టం ఇంటివాళ్లకి పెద్ద వెసులుబాటే ఇచ్చింది, అది 41వ సెక్షన్. కానీ 37వ సెక్షన్ రెండు గీతలు గీసింది. రక్షణకి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయొద్దు. పోలీసుల సాయం తీసుకునే టైమ్ ఉంటే ఈ హక్కు వర్తించదు. అంటే గల్లీలో నిలబడ్డ మనిషి మీదికి కత్తి తీసుకొని పోవడం ఆత్మరక్షణ కాదు. దొంగ దొరికాక కరెంట్ స్తంభానికి కట్టేసి కొట్టడం అసలే కాదు. ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి కులం, భాష, పుట్టిన చోటు లాంటివి చూసి ఒకణ్ణి చంపితే, 103వ సెక్షన్ కింద ఉరిశిక్ష లేదా యావజ్జీవం.

ఆన్‌లైన్‌లో పెద్ద కత్తులు చూసి ఆర్డర్ పెట్టేవాళ్లకి ఇంకో మాట. ఇంటి పనికో, వ్యవసాయానికో చేసినవి కాకుండా, 9 అంగుళాల కన్నా పొడుగు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు అలుగు ఉన్న కత్తుల్ని ఆయుధాల నిబంధనల్లో ఆయుధాల కిందే లెక్కేశారు. గోడకి అందంగా ఉంటుందని తెప్పించుకున్నా, స్టేషన్‌లో జవాబు చెప్పాల్సి రావచ్చు.

మరి తలుపు దగ్గర కొత్త మనిషి కనబడితే? మన ఊళ్లలో దానికి పాత పద్ధతి ఒకటుంది. "ఎవరయ్యా? ఏ ఊరు? ఎవరి ఇంటికి?" ఈ మూడు ప్రశ్నలు లోపల్నుంచే, గట్టిగా, పక్కింటోళ్లకి వినబడేటట్టు అడగాలి. చుట్టమైతే పేరు చెప్తాడు. దారి తప్పినోడైతే దారి అడుగుతాడు. దొంగైతే నలుగురు లేచారని తెలిసి పోతాడు. బయటి లైట్ వేయండి, గడియ తీయకండి, 100కో 112కో ఫోన్ చేయండి. అన్నీ దాటి వాడు తలుపు పగలగొట్టి లోపలికే వస్తే, అప్పుడు చేతికి దొరికిన రోకలి ఎత్తే హక్కు మీకుంది. కర్ర వరసలో చివరిది, మొదటిది కాదు. గుత్పల సంఘం వాళ్లకి ఆ వరస తెలుసు. 2018లో కట్టెలు పట్టినోళ్లు దాన్ని తిరగేశారు.

మీ ఊళ్లో రజాకార్ల కాలంలో రాత్రి కావలి ఎట్లా ఉండేదో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. తాత, నాయనమ్మ దగ్గర తప్పకుండా ఏదో ఒక కథ ఉంటుంది. వాళ్లున్నప్పుడే ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. మళ్లీ కలుద్దాం, ఉంటా.