ఊకో కిట్టీ!

డిటెక్టివ్ అన్నవాడికి ఒక అసిస్టెంటు ఉండి తీరాలి, పెళ్ళికొడుక్కి తోడిపెళ్ళికొడుకు ఉన్నట్టు. 1887లో షెర్లాక్ హోమ్స్ పుస్తకంలోకి వచ్చినప్పుడే పక్కన వాట్సన్ ఉన్నాడు. మన కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌కి రాజు ఉన్నాడు. వీళ్ళ కాపురాలన్నీ గుట్టుగానే సాగాయి. మా ఇళ్ళలోకి టీవీ వచ్చి, అసిస్టెంటు కుర్చీలో ఆడపిల్లను కూర్చోబెట్టాకే కీచులాట మొదలైంది.

1985లో దూరదర్శన్‌లో 'కరంచంద్' వచ్చింది. నాకప్పుడు ఆరేళ్ళు. సెలవులకి దౌల్తాబాద్‌లో అమ్మమ్మగారింటికి వెళ్ళాం. ఆ ఊరు అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, 2016 నుంచి వికారాబాద్ జిల్లా అయింది. నిజాం కాలంనాటి ఉర్దూ పెద్దవాళ్ళకి ఇంకా నోట్లో ఆడుతూనే ఉండేది. అంచేత హిందీ సీరియల్‌తో ఎవరికీ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా యాంటెన్నాతోనే. మామయ్య మిద్దెక్కి గొట్టం తిప్పుతూ "ఒచ్చిందా?" అని అరిస్తే, మేమంతా కింది నుంచి "ఒచ్చింది, పోయింది" అని అరిచేవాళ్ళం.

కరంచంద్‌గా పంకజ్ కపూర్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, క్యారెట్ కొరుకుతూ హంతకుణ్ణి పట్టేవాడు. అసిస్టెంటు కిట్టీ సుస్మితా ముఖర్జీ. ఆ పిల్ల ఓ అమాయకపు ప్రశ్న వేస్తుంది. ఆయన గుట్టు విప్పి చెప్తాడు. "సార్, మీరు మేధావి!" అని ఆమె మురిసిపోతుంది. ఆయన "షటప్ కిట్టీ!" అంటాడు. అంతే, మా తాత కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వేవాడు.

చేటలో కందిపప్పు ఏరుకుంటున్న అమ్మమ్మ ఒకరోజు తలెత్తకుండా అంది: "గా పిల్ల అడుగకుంటె ఆయన తెలివి ఎవలికి ఎరుకైతది?"

"నువ్వూకో," అన్నాడు తాత. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఆ సెలవుల్లోనే కందుల బస్తా తూకం తగ్గింది. తాత జీతగాణ్ణి అనుమానించి రెండు రోజులు ఇల్లంతా దద్దరిల్లేట్టు కేకలేశాడు. అమ్మమ్మ బస్తా పక్కకి ఒరిగించి, అడుగున ఎలుక కొట్టిన కన్నం చూపించింది. తాత ఒక్క క్షణం చూసి, "నాకు ఎరుకే, ఊకో," అన్నాడు.

సరిగ్గా ఆ 1985లోనే, మార్చి 3న, అమెరికాలో ఏబీసీ చానెల్లో 'మూన్‌లైటింగ్' అనే డిటెక్టివ్ సీరియల్ మొదలైంది. అక్కడ తిరగేసిన కథ. డబ్బంతా లెక్కలు చూసేవాడు కాజేస్తే, మ్యాడీ అనే మాజీ మోడల్‌కి మిగిలిన ఆస్తుల్లో ఓ డిటెక్టివ్ ఆఫీసు ఒకటి. అందులో పనిచేసే డేవిడ్ ఆమెకు జీతగాడు. ఇక్కడ 'షటప్'లు రెండు వైపుల నుంచీ! ఒకరి మాట పూర్తికాకుండానే ఇంకొకరు అందుకునేవారు. అంచేత స్క్రిప్టులే మామూలు సీరియళ్ళ కంటే బాగా లావుగా ఉండేవి.

తమాషా ఏమిటంటే, ఆ వేషాలు వేసిన సిబిల్ షెపర్డ్‌కీ బ్రూస్ విల్లిస్‌కీ కెమెరా ఆపాక కూడా పడేది కాదు. పొద్దస్తమానం పని, చేతికి ఆలస్యంగా వచ్చే స్క్రిప్టులు, పైన ఈ చిర్రుబుర్రులు. సీరియల్‌ని సృష్టించిన గ్లెన్ గార్డన్ కేరన్ కూడా మధ్యలోనే తప్పుకున్నాడు. "ఆవిడ మహా మొండి" అని మాత్రం ఊరంతా పాకింది. జీతగాళ్ళు అరిస్తే చలాకీ, యజమానురాలు అరిస్తే గయ్యాళి. మనకి తెలియని సంగతా?

1987లో షెపర్డ్ కవలల్ని కన్నది. ఆమె కాన్పు కోసం కొన్ని వారాలు షూటింగ్ ఆగింది. అంతకుముందు తీరికలేదని విల్లిస్ వద్దన్న సినిమా ఒకటుంది. ఆ విరామంలో వెళ్ళి చేశాడు. పారితోషికం 50 లక్షల డాలర్లు. ఆ సినిమా 'డై హార్డ్', 1988లో వచ్చి ఆయన్ని ప్రపంచానికే హీరోని చేసింది. పురుడు ఆవిడది, అదృష్టం ఆయనది!

1989 మే 14న సీరియల్ ముగిసింది. కథలో ఇద్దరికీ ప్రేమ కుదిరింది కాబట్టే రుచి చచ్చిందని చాలామంది అన్నారు. నాకలా తోచదు. ఆమె బాలింత, ఆయన సినిమా షూటింగులో. ఇద్దరూ ఒకే గదిలో నిలబడ్డ సన్నివేశాలే తగ్గిపోయాయి. జనానికి కావలసింది వాళ్ళ పోట్లాట. పోట్లాటకి ఇద్దరు కావాలి, ఇద్దరికీ నోరుండాలి. ఒక్కరికే నోరుంటే దాన్ని పోట్లాట అనరు.

2006లో 'కరంచంద్' వేరే చానెల్లో మళ్ళీ వచ్చింది. కరంచంద్ పాతాయనే, కిట్టీ మాత్రం కొత్తపిల్ల. అప్పటికి తాత పోయాడు. అమ్మమ్మ హైదరాబాద్‌లో మా ఇంట్లో ఉంది.

"పాతపిల్ల ఏడికి వోయింది? ఆయననే ఉంచి ఆమెనెందుకు మార్చిన్రు?" అని అడిగింది. సరైన ప్రశ్నే. కానీ అక్కడ హంతకుడు దొరకబోతున్నాడు.

"ఊకో అమ్మమ్మా, విననీ!" అన్నాను.

ఆవిడ నావైపు తిరిగి, నింపాదిగా చూసి అంది: "మీ తాత వోయిండనుకుంటి గదనే!"

హంతకుడెవరో నేను ఇప్పటికీ చెప్పలేను.